అత్త చీర కట్టుకున్న ఎండాకాలం

అయిదో తరగతి పూర్తయ్యేదాకా నాకు అన్నం కలుపుకోవడం రాదు. చేతులకు ఏ లోపమూ లేదు. నోరు కూడా బాగానే పనిచేసేది, ఆ సంగతి మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. ఆ రెండింటికీ మధ్య మా నాయనమ్మ ఉండేది, అంతే.

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక సందులో, రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను. పై అంతస్తులో సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే జిల్లాల కుర్రాళ్లు ఇరుకిరుగ్గా ఉండేవాళ్లు. వాళ్లు తమ బట్టలు తామే ఉతుక్కుని, కిరోసిన్ స్టవ్ మీద తామే వండుకుంటుంటే నాయనమ్మ చూసి, వీళ్లను కన్నవాళ్లకు ప్రేమ లేదా అని బాధపడేది. నాకు ఆ విషయంలో కొదవ లేదు. చిన్నప్పుడెప్పుడో నాకు టైఫాయిడ్ వచ్చి తగ్గింది. తగ్గిందని చిక్కడపల్లి డాక్టరు ఒప్పుకున్నాడు, అమ్మానాన్నలు ఒప్పుకున్నారు, నాయనమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఆమె లెక్కలో ఆ జ్వరం ఎక్కడికీ పోలేదు, మా సందు మలుపులో నా కోసం కాచుకుని కూర్చుంది.

అందుకని నన్ను కాలు కింద పెట్టనిచ్చేది కాదు. వేడినీళ్లు తోడి తనే స్నానం చేయించేది. చొక్కా విప్పే పనిలో నా వంతల్లా రెండు చేతులూ పైకెత్తి నిలబడటమే. పొద్దు గూకిందంటే, మే నెల అయినా సరే, మంకీ క్యాపు. మురికి నాలా మీది వంతెన దాటేటప్పుడు ముక్కుకు దస్తీ. వంతెన దాటి కొంత దూరం పోతే చిక్కడపల్లి మెయిన్ రోడ్డు. అక్కడ నా చేయి పట్టుకునేది కాదు, మణికట్టు పట్టుకునేది. చేయి అయితే చెమటకు జారుతుందట. అటూ ఇటూ చూసి, ఆ తర్వాత కళ్లు మూసుకుని, దేవుణ్ని పిలుచుకుంటూ నన్ను లాక్కుని పరుగెత్తేది. బస్సు డ్రైవర్లు బ్రేకులు తొక్కి తిట్టే తిట్లు ఆమెకు వినపడేవి కావు. నాకు వినపడేవి.

మా బడి చిక్కడపల్లిలో మార్కెట్ వెనక ఉండేది. మధ్యాహ్నం పిల్లలు రోడ్డు మీదికి పోకుండా గేటుకు తాళం వేసేవాళ్లు. నాయనమ్మకు ఇదేమీ అడ్డం కాలేదు, ఎందుకంటే ఆ గేటుకు ఇనుప చువ్వలు ఉండేవి. ఆమె రోడ్డు వైపు నిలబడి డబ్బా విప్పి, అన్నం కలిపి, ముద్ద చేసి చువ్వల సందులోంచి చేయి పెట్టేది. నేను లోపలి నుంచి నోరు తెరిచేవాణ్ని. ముద్ద ఎంత ఉండాలో చువ్వలు చెప్పేవి. ఒకటో తరగతిలో నన్నెవరూ పట్టించుకోలేదు, అప్పుడు అందరికీ ముక్కులు కారుతుండేవి. అయిదో తరగతికి వచ్చేసరికి ఆ తతంగం చూడటానికి పక్క సెక్షన్ వాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు. జైల్లో ఉన్నవాణ్ని చూడటానికి ఇంటివాళ్లు వస్తే ములాఖత్ అంటారు. మా క్లాసులో ఒకడికి ఆ మాట ఎక్కడో దొరికింది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే వాడు లేచి నిలబడి, ఖైదీకి ములాఖత్ టైం అయిందని కేకపెట్టేవాడు. మా టీచరు కూడా ఒకటి రెండుసార్లు నవ్వాపుకోవడం నేను చూశాను.

ఆరో తరగతికి నన్ను నారాయణగూడలో ఒక పెద్ద హైస్కూల్లో వేశారు. కొత్త బడి, కొత్త పిల్లలు, నా చరిత్ర అక్కడ ఎవరికీ తెలియదు. బతికిపోయాననుకున్నాను. అయితే సెలవులు ఇవ్వకముందే నాయనమ్మ వెళ్లి ఆ బడిని చూసొచ్చింది. దాని గేటు మొత్తం రేకుదే, చువ్వలు లేవు. అందుకని హెడ్మాస్టరుతో మాట్లాడి, మధ్యాహ్నం తనే లోపలికి వచ్చి వరండాలో కూర్చోబెట్టి తినిపిస్తానని నాకు ముద్దలు పెడుతూ చెప్పింది. ఆయనకూ అమ్మ ఉంటుంది కదా, ఎందుకు ఒప్పుకోడని ధీమా. పదో తరగతి దాకా ఉన్న మగపిల్లలందరి నడుమ, ఆ వరండాలో, నేను నోరు తెరుచుకుని కూర్చున్నట్టు నా కళ్లకు కట్టింది. నోట్లో ముద్ద ఉండగానే ఏడుపు అందుకున్నాను.

“నేను ఒక్కణ్నే పోత. ఒక్కణ్నే తింట” అన్నాను.

నాయనమ్మ నవ్వింది. అన్నం కలుపుకునుడు రాదు, రోడ్డు దాటుడు రాదు, గుండీలు పెట్టుకునుడు రాదు, వీడు ఒక్కడు పోతడట అని అమ్మకు చెప్పింది. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. నాన్న చాలాసేపు ఎవరి వైపూ చూడకుండా తిన్నాడు. ఆఫీసులో ఇద్దరు గుమాస్తాలు కొట్లాడుకుంటే ఫైలు మూడో టేబుల్‌కి పంపించే మనిషి ఆయన. ఇక్కడా అదే చేశాడు. మూడో టేబుల్ మా అత్తమ్మ.

అత్తమ్మ అంటే నాన్నకు అక్క, నాయనమ్మకు కూతురు. పాలమూరు జిల్లాలో, కల్వకుర్తి దాటి లోపలికి పోతే వచ్చే పల్లెలో, వ్యవసాయం ఇంటికి ఇచ్చారు. నేను ఎండాకాలం సెలవులు మొత్తం ఆమె దగ్గర ఉండాలి. బడులు తెరిచే ముందు అత్తమ్మే నన్ను తీసుకొచ్చి, వీడి పని వీడు చేసుకోగలడని చెబితే నేను ఒంటరిగా బడికి పోవచ్చు, నా చేత్తో నేను తినొచ్చు. చేసుకోలేడని చెబితే నాయనమ్మ వరండాలో కూర్చుంటుంది, నేను కిక్కురుమనకూడదు. నాయనమ్మ వెంటనే సరేనంది. తీర్పు చెప్పేది సొంత కూతురు, పైగా నేను వారం తిరక్కుండానే ఏడ్చుకుంటూ వస్తానని ఆమెకు అనుమానం కూడా లేదు.

నా పెట్టె ఆమే సర్దింది. మంకీ క్యాపు, స్వెట్టరు, కాచి చల్లార్చిన నీళ్ల క్యాను, జ్వరం గోళీలు, దగ్గు మందు, ఏం రోగానికో ఎవరికీ గుర్తులేని ఒక ఆకుపచ్చ సీసా. ఇమ్లీబన్ బస్టాండులో బస్సెక్కేటప్పుడు ఆమె కళ్లు తుడుచుకుంటుంటే పక్కనున్నావిడ నన్ను ఏదైనా ఆశ్రమంలో వేస్తున్నారా అని అమ్మను అడిగింది. నాన్న నన్ను ఊళ్లో దింపి, అదే బస్సు వెనక్కి పోతుంటే దాంట్లోనే వెళ్లిపోయాడు.

అత్తమ్మ పొడుగ్గా, గట్టిగా ఉండేది. పిల్లలకు పెళ్లిళ్లయి వెళ్లిపోయారు, ఇంట్లో ఆమె, మామయ్య, ఒక బర్రె, దాని దుడ్డె, కోళ్లు. ఆమె ఎవరికీ ఏదీ నేర్పేది కాదు. మన పని మనం చేసుకునేదాకా మన వైపు చూడకపోవడమే ఆమె పద్ధతి. ఆ మధ్యాహ్నం కంచంలో అన్నం పెట్టి, పచ్చిపులుసు పోసి నా ముందుంచింది. నేను అలవాటు కొద్దీ నోరు తెరిచాను.

“ఏందల్లుడా, పన్ను నొస్తుందా?”

లేదని తల ఊపాను.

“మరి మూసుకో. ఈగలు పోతయ్” అని తన కంచం మీదికి వంగింది.

ఇంతలో ఒక కోడి వచ్చి నా కంచం అంచున నిలబడి, నన్ను ఎగాదిగా చూసి, తినడం మొదలుపెట్టింది. కోడిని తోలాలంటే ఏమనాలో నాకు తెలియదు. “వద్దండీ” అన్నాను. మామయ్యకు పొలమారింది. కోడి మాత్రం నా మర్యాదను లెక్కచేయలేదు, మెతుకు మిగల్చకుండా తిని వెళ్లింది. అత్తమ్మ కంచం తీసి కడిగేసింది.

సాయంత్రం స్నానం. తొట్టి దగ్గర బకెట్ పెట్టి పోసుకొమ్మంది. నేను రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాను. అత్తమ్మ పెండ తట్ట నెత్తిన పెట్టుకుని నా ముందు నుంచే వెళ్లింది, ఖాళీ తట్టతో తిరిగొచ్చింది, మళ్లీ నింపుకుని వెళ్లింది. పొలం నుంచి వచ్చిన మామయ్య నన్ను చూసి, పోలీసులేమైనా వచ్చారా, పిల్లగాడు చేతులు లేపి నిలబడ్డాడేంటని అడిగాడు. చివరికి చేతులు గుంజి వాటంతట అవే దిగాయి. గుండీలు విప్పుకోవడం ఆ రోజు నేర్చుకున్నాను. విప్పకుండా లాగితే చొక్కా తల దగ్గర ఇరుక్కుంటుందనీ, ఇరుక్కున్న చొక్కాతో పరుగెత్తితే గోడ తగులుతుందనీ అంతకు కొంచెం ముందు తెలిసింది.

ఆ పూట జొన్నరొట్టె పెట్టింది. రొట్టెను కలుపుకోనక్కర్లేదు. ఆకలితో కడుపు మాడిపోతుంటే అది గొడ్డుకారంతో ఎంత బాగుంటుందో మాటల్లో చెప్పలేను. నా చేత్తో నేను తిన్న మొదటి తిండి అది. నమలడం మధ్యలో నాకు నాయనమ్మ గుర్తొచ్చి కాస్త ఏడ్చాను, కానీ నమలడం ఆపలేదు.

అన్నం కలుపుకోవడం అంత తేలిక కాలేదు. పులుసు వేళ్ల సందుల్లోంచి మోచేతి దాకా కారేది. అత్తమ్మ అది చూసి ఒక గుడ్డ పడేసింది తప్ప ఒక్క మాట అనలేదు. చెప్పులు రెండో రోజే తెగిపోయాయి, కొత్తవి ఎవరూ కొనలేదు, కొన్నాళ్లకు నా పాదాలు వాటి సంగతి మరిచిపోయాయి. కాచి చల్లార్చిన నీళ్ల క్యాను బర్రెకు కుడితి మోసే పనికి పోయింది. దుడ్డె మట్టి తినకుండా దాని మూతికి తాళ్లతో అల్లిన చిక్కం కడతారు. ఆ చిక్కం తెగిపోయిన రోజు అత్తమ్మ నా పెట్టెలోంచి మంకీ క్యాపు తీసి దుడ్డెకు తొడిగింది. మూతి పూర్తిగా కప్పుకుపోయేలా తిప్పి తొడిగి, మంచిగ సరిపోయిందని మెచ్చుకుంది. నాయనమ్మ చూస్తే ఏమనేదో గాని, ఆ టోపీలో నాకన్నా అదే బాగుంది.

ఇక బర్రె. దాని గురించి మర్యాదగా రాయడం కష్టం. అది ఒక్క అత్తమ్మకే పాలిచ్చేది. ఇంకెవరు పొదుగు మీద చేయి వేసినా తన్నేది. మామయ్య ఈ బర్రెను కొన్న కొత్తలో ఒకసారి ప్రయత్నించాడట. ఆ తర్వాత కొట్టంలోకి పోవాల్సి వస్తే గోడ వెంబడి పోయేవాడు. అత్తమ్మ పాలు పిండటం ఒక పెద్ద కార్యక్రమం. బకెట్ మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కూర్చున్నది మొదలు లేచేదాకా బర్రెను తిడుతూనే ఉండేది. ఎవరికి దాచిపెడుతున్నవే పాలు, నీ అత్తగారికా, నీ కాలు ఇరగ, నీ బొండిగ పిస్క అని, గుక్క తిప్పుకోకుండా. ఆ తిట్లకు బర్రె కళ్లు అరమోడ్చి, చెవులు వదులు చేసి, పాలు చేపేది. నేను రోజూ రెండు పూటలా పక్కన కూర్చుని చూసేవాణ్ని. పక్కింటి మేకను పిండి పిండి నా వేళ్లకు పట్టు వచ్చింది. బర్రె జోలికి మాత్రం పోలేదు.

సెలవులు అయిపోవస్తున్నాయి. అత్తమ్మ నా గురించి ఏం చెబుతుందో అంతు పట్టలేదు. అడిగితే, చూద్దాం అనేది. ఆమె మొహం చూసి ఏదీ కనిపెట్టలేం. పైగా ఆ మధ్యే నేను కోళ్లను గూట్లో వేసి తలుపు పెట్టడం మరిచిపోతే ఒకదాన్ని పిల్లి ఎత్తుకుపోయింది. కంచంలో తిన్న కోడి అది కాదు, ఆ విచారం కూడా ఉంది. నా కేసు పాడైపోయిందనే అనుకున్నాను. నారాయణగూడ బడి వరండా తరచూ కలలోకి వచ్చేది.

అలాంటప్పుడు పక్క ఊళ్లో మామయ్య తరఫు పెద్దావిడ ఒకరు పోయారు. ఇంటి దగ్గర మామయ్యను ఉంచి, అత్తమ్మ పొద్దున పాలు పిండి మొదటి బస్సుకు పోయింది, సాయంత్రం పాల వేళకు వస్తానంది. సాయంత్రం బస్సు రాలేదు. దారిలో ఆగిపోయిందని ఎవరో సైకిల్ మీద వచ్చి చెప్పారు, ఇక రేపు పొద్దున్నే. కొట్టంలో బర్రె పొదుగు బిగిసి, కాళ్లు మార్చి మార్చి నిలబడి, ఊరంతా వినపడేలా అరవడం మొదలుపెట్టింది. దుడ్డెను విడిస్తే అది కాసిని తాగి, పొట్ట నిండగానే గంతులేస్తూ పోయింది. మిగతా పాలు అలాగే ఉండిపోతే పొదుగు వాచి బర్రె పాడైపోతుందని మామయ్య చెప్పాడు, గోడ అవతలి నుంచి. పక్కింటావిడ ధైర్యం చేసి చేయి వేసింది. బకెట్ ఎగిరి నుయ్యి దగ్గర పడింది.

ఆ బర్రె బాధ ఆ ఊళ్లో నాకొక్కడికే అర్థమయింది. నేను కూడా ఒక్క చేతికే నోరు తెరిచిన ప్రాణిని. నా చిన్నప్పుడు నాయనమ్మ చుట్టాల పెళ్లికని నాలుగు రోజులు ఊరెళితే నేను అమ్మ చేతి ముద్ద ఉమ్మేశానట. అమ్మకు ఏం చేయాలో తోచక, నాయనమ్మ విప్పిపోయిన చీర పైన కప్పుకుని, గొంతు బొంగురు చేసుకుని తినిపించిందట. ఆ కథ మా ఇంట్లో వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాళ్లు. ఇప్పుడు నేను నవ్వలేదు. లోపలికి పోయి అత్తమ్మ ట్రంకు పెట్టె తెరిచాను.

పైన ఉన్న నీలం చీర తీసి ఒంటికి చుట్టుకుని కొట్టంలోకి పోయాను. అది చీర కట్టు కాదు, పరుపు చుట్ట. బర్రె వాసన చూసింది, నాఫ్తలీన్ గోళీల ఘాటుకు ఒక్క తుమ్ము తుమ్మి, కాలు లేపింది. నేను పెండలో పడ్డాను. తప్పు నాదే. అత్తమ్మ ఆ చీరతో ఎప్పుడూ కొట్టంలోకి రాదు. పొద్దున ఆమె పెండ తీసి, విడిచి, రాతి మీద పడేసిపోయిన చీర ఇంకా ఉతకలేదు. ఎండకు అట్ట కట్టి ఉంది. మురికి నాలా వాసనకే ముక్కుకు దస్తీ కట్టించుకున్నవాణ్ని, ఊపిరి బిగబట్టి అది కట్టుకున్నాను. పక్కింటావిడ ముక్కున వేలేసుకుని చూస్తూనే, అత్తమ్మ గాజులు చప్పుడవుతాయి కదా అని తన చేతివి తీసి నాకు తొడిగింది. అప్పటికి గోడ మీద జనం చేరారు.

ఈసారి బర్రె మూతి నా భుజానికి ఆనించి వాసన చూసింది. తన్నలేదు. మోకాళ్ల మధ్య బకెట్ పెట్టుకుని కూర్చున్నాను, చన్ను పట్టుకున్నాను. ఒక్క చుక్క రాలేదు. అది మెడ తిప్పి నా వైపు చూస్తూ దేనికోసమో ఎదురుచూస్తోంది. తిట్టాలని నాకు తెలుసు. నా బతుకులో అప్పటిదాకా ఎవరినీ ఏయ్ అని కూడా అనలేదు.

“జర పాలియ్యండి” అన్నాను.

గోడ మీద నవ్వులు. బర్రె తోక తిప్పి నా చెంప మీద కొట్టింది. పెండ అంటిన తోక. అప్పుడు నాకు కోపం వచ్చింది, చిన్న కోపం కాదు. ఇనుప చువ్వలు, ములాఖత్, పక్క సెక్షన్ వాళ్ల పళ్లు, మే నెలలో మంకీ క్యాపు, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

“నీ బొండిగ పిస్క, నీ కాలు ఇరగ, ఎవలకు దాపెడుతున్నవే, నీ అత్తగారికా? ఇస్తవా ఇయ్యవా?”

బర్రె కళ్లు అరమోడ్చింది. చెవులు వదులు చేసింది. పాలు బకెట్ అడుగున సర్రుమన్నాయి. ఆపితే ఆగిపోతాయేమోనని భయమేసి నేను తిట్టడం ఆపలేదు. అత్తమ్మ తిట్లు అయిపోయాక మా క్లాసు వాళ్లను ఒక్కొక్కణ్నే తలచుకుని వాళ్లను తిట్టాను. బకెట్ నిండింది. మామయ్య గోడ దిగి వచ్చి, దూరం నుంచే, నేను దైవాంశ సంభూతుణ్ని అన్నట్టు చూశాడు. వేళ్లు రెండో రోజుకి కూడా నొప్పిపుట్టాయి గాని, ఆ సాయంత్రం మాత్రం నాకు నేను ఎంత నచ్చానో చెప్పలేను.

మర్నాడు పొద్దున కూడా నేనే కూర్చున్నాను. సగం పిండాక వాకిట్లో అలికిడయింది. అత్తమ్మ. చీర కట్టుకుని, గాజులు వేసుకుని, తన గొంతుతో తన బర్రెను తిడుతున్న మేనల్లుణ్ని ఆమె కాసేపు నిలబడి చూసింది.

“కొంగు పెండల పడుతుంది. దోపుకో” అని లోపలికి వెళ్లిపోయింది.

బడులు తెరిచే ముందు అత్తమ్మ నన్ను హైదరాబాద్ తీసుకొచ్చింది. బస్సు దిగింది చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద, మా ఇల్లు అవతలి వైపు. దేనికీ జంకని అత్తమ్మ రోడ్డు అంచున బిగుసుకుపోయింది. ఆమె పెళ్లయి పోయేనాటికి ఈ రోడ్డు మీద రిక్షాలు తప్ప ఏమీ ఉండేవి కావట. బస్సులు, ఆటోలు, స్కూటర్లు తెరిపి లేకుండా పోతుంటే, జర ఆగుదాం, జర ఆగుదాం అని నా చొక్కా పట్టుకుంది. ఆగితే సాయంత్రం దాకా అక్కడే ఉంటాం. నేను ఆమె చేయి పట్టుకుని దిగాను. ఒక ఆటో మా మీదికే వస్తుంటే అరచెయ్యి అడ్డం పెట్టి, నీ కాలు ఇరగ ఆగుతవా లేదా అన్నాను. ఆటో ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, ఇంత గొంతు ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతుక్కున్నాడు. అత్తమ్మ నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

నాయనమ్మ నన్ను చూసి గుండెలు బాదుకుంది. పంపినది తెల్లటి పిల్లవాణ్ని, వచ్చినది ఎండలో మరిచిపోయిన వడియం. పాదాలు తిప్పి చూసింది, అరచేతులు తిప్పి చూసింది, మంకీ క్యాపు ఎక్కడని అడిగింది. నేను చెప్పబోతుంటే అత్తమ్మ నా కాలు తొక్కింది. అందరం కూర్చున్నాం. నాన్న అడగాల్సిన ప్రశ్న అడిగాడు. కోడి సంగతి బయటపెడుతుందేమోనని అత్తమ్మ మొహమే చూస్తున్నాను.

“అమ్మా, నా బర్రెను పిండిండు వీడు. నీకు ఇంకేం గావాలె?” అంది.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయనమ్మ మాట ఇచ్చిన మనిషి, మాట తప్పదు. పిల్లగాణ్ని గొడ్ల దగ్గర కూర్చోబెట్టినవా అని కూతురితో మాత్రం ఆ పూటంతా మాట్లాడలేదు.

బడి మొదటి రోజు డబ్బా నాయనమ్మే కట్టి ఇచ్చింది. గుమ్మం దాకా వచ్చింది, దిగలేదు. నేను ఒక్కణ్నే వంతెన దాటాను, ఒక్కణ్నే మెయిన్ రోడ్డు దాటాను, నారాయణగూడ దాకా నడిచాను. వెనక్కి తిరిగి చూశాను కూడా, ఆమె చాటుగా వస్తోందేమోనని. రాలేదు. మధ్యాహ్నం ఆ వరండాలోనే కూర్చుని డబ్బా విప్పాను. పప్పు, బెండకాయ, పెరుగన్నం, కుక్కి కుక్కి పెట్టింది. ఊళ్లో పెరిగిన ఆకలి నాది. మోచేతికి చుక్క కారకుండా కలుపుకుని మెతుకు మిగల్చకుండా తిన్నాను. పక్కన కూర్చున్న పిల్లలు నన్ను చూడను కూడా చూడలేదు. అంతకన్నా సుఖం ఇంకేముంటుంది.

సాయంత్రం ఎగురుకుంటూ ఇంటికొచ్చి, ఖాళీ డబ్బా నాయనమ్మ ముందు పెట్టి మూత తీసి చూపించాను. ఆమె లోపలికి చూసి, మొత్తం తిన్నవా బిడ్డా అంది. మొత్తం తిన్నానని గర్వంగా చెప్పాను. మంచిది అని డబ్బా తీసుకుని కడగడానికి లేచింది. లేస్తూ ఒక్క క్షణం గోడ పట్టుకుంది.

వంటింట్లో అమ్మ నాకు మాత్రమే వినపడేలా, నాయనమ్మ పొద్దటి నుంచి ఏమీ తినలేదని చెప్పింది. నాకు అర్థం కాలేదు, ఇంట్లో అన్నం లేదా అన్నాను. ఆ డబ్బా ఎప్పుడూ ఇద్దరిదని అమ్మ అంది. ఆ గేటు దగ్గర నాకు పెట్టడం అయిపోయాక, నేను క్లాసులోకి పరుగెత్తాక, మిగిలింది ఆమె అక్కడే ఎదుటి దుకాణం అరుగు మీద కూర్చుని తిని వచ్చేదట. అయిదేళ్లు ఆమె పగటి అన్నం అదే. ఈ రోజు కూడా చేయి అలవాటు కొద్దీ ఇద్దరికీ సరిపడా పెట్టి, నాకు ఇచ్చి పంపింది. మధ్యాహ్నం అమ్మ కంచం పెడితే, ఒక్కదాన్నే కూసోని తినబుద్ధి అయితలేదని లేచిపోయిందట.

నాకు ఆ గేటు లోపలి వైపే తెలుసు. అవతలి వైపు ఏం జరిగేదో ఒక్కరోజు కూడా తిరిగి చూడలేదు. ఒక్కణ్నే తింటానని కొట్లాడి గెలిచి, మొదటి రోజే ఆమె అన్నం కూడా నేనే తినేశాను. చాలా ఏడుపొచ్చింది.

కంచంలో అన్నం పెట్టి, పప్పు, బెండకాయ వేసి, తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. ఆమె నాకోసం అనుకుని కలపడం మొదలుపెట్టింది. నాకు కాదు, నువ్వు తిను, నేను ఇక్కడే కూర్చుంటా అన్నాను. నువ్వు కూర్చునుడు దేనికి, పొయ్యి ఆడుకో అంది. నేను పోలేదు. ఆమె కాసేపు ముద్ద చేత్తో పట్టుకుని, ఎటు పెట్టాలో తెలియనట్టు కూర్చుంది. తర్వాత తింది. ఎడమ వైపు పళ్లు లేవు, కుడి వైపే నెమ్మదిగా నములుతుంది. బెండకాయ పక్కకు పెట్టేస్తుంది. పుట్టినప్పటి నుంచి రోజూ ఆమె చేతి అన్నం తిన్నవాణ్ని, ఆమె తినగా చూడటం నాకదే మొదలు.